యాప్‌లో 63 శాతం, వ్యాన్‌లో చీకటి: ఒక క్యాంపర్ లిథియం బ్యాటరీ కేసు

కస్టమర్ భార్య నా చేతిలో పెట్టిన నోటు పుస్తకాన్ని తెరిచి చూడకుండా పక్కన పడేసినందుకు నాకు రెండు వారాల పని దండగైంది, ఆయనకి ఒక రాత్రి ఊపిరాడని పరిస్థితి వచ్చింది. అందుకే ఈ కేసు రాస్తున్నాను. పేర్లు, బ్యాటరీ కంపెనీ చెప్పను. ఒకటి రెండు వివరాలు కావాలనే మార్చాను, అంకెలు మాత్రం నా వర్క్‌షాప్ పుస్తకంలో రాసుకున్నవే.

నాది హైదరాబాద్ శివారులో చిన్న షెడ్డు. మొదట్లో బస్సులు, లారీల వైరింగ్ చేసేవాణ్ని, తర్వాత ఇళ్ల ఇన్వర్టర్లు, సోలార్, ఇప్పుడు ఎక్కువగా క్యాంపర్ వ్యాన్లే. ఈ బండి పొడుగు టెంపో ట్రావెలర్. వెనకాల మంచం, కిచెన్, కప్పు మీద 200 వాట్ల ప్యానెళ్లు రెండు. ఓనర్లు గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ భార్యాభర్తలు, ఇద్దరూ రిటైరయ్యారు. ఏడాదిలో మూడు నాలుగు నెలలు రోడ్డు మీదే ఉంటారు. సార్‌కి నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉంది, రాత్రంతా మాస్క్ ద్వారా గాలి పంపే సీప్యాప్ మిషన్ నడవాలి. మామూలు కస్టమర్‌కి రాత్రి కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది, చిరాకు పడతాడు. ఇక్కడ అలా తేల్చేయడానికి లేదు.

బండిలో అంతకు ముందు 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ ఎంత దాచుకుంటుందో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీలు, అంటే లెడ్ యాసిడ్ రకం, రెండు ఉండేవి. రెండూ కలిపి నూరు కిలోలు దాటుతాయి, పైగా పడుకునే మంచం కింద యాసిడ్, గ్యాస్. వాటిని తీసేసి ఒక షాపులో 12.8 వోల్టుల 200 ఏహెచ్ ఎల్‌ఎఫ్‌పీ పెట్టించుకున్నారు, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. పాతిక కిలోల బరువు, లోపల 100 ఆంపియర్ల బీఎంఎస్, అంటే సెల్స్‌ని కనిపెట్టుకుని ఉండి ప్రమాదమైతే కట్ చేసే సర్క్యూట్. నిర్ణయం మంచిదే, నేనైనా అదే చెప్పేవాణ్ని. అయితే ఆ షాపువాళ్లు పాత బ్యాటరీల టెర్మినళ్లు విప్పి అవే వైర్లు కొత్తదానికి బిగించి పంపేశారు. సోలార్ ఛార్జర్ సెట్టింగ్ పాతదే, వైర్లు పాతవే, ఇంజిన్ నుంచి ఛార్జింగ్ తెచ్చే రిలే కూడా పాతదే.

నా దగ్గరికి వచ్చేసరికి ఫిర్యాదులు మూడు. రాత్రి రెండు మూడు గంటలప్పుడు ఇన్వర్టర్ కూసి ఆగిపోతోంది, అప్పుడు ఫోన్లో బ్యాటరీ యాప్ చూస్తే 63 శాతం అంటోంది. పొద్దున కాఫీకి ఇండక్షన్ స్టవ్ పెడితే ఒక్కోసారి వెంటనే ట్రిప్ అవుతోంది. మూడోది, నాగ్‌పూర్ దాటాక ఒకసారి ఆల్టర్నేటర్ కాలిపోయింది. అక్కడి మెకానిక్ కొత్తది వేసి, "ఈ వైరే మీ కొంప ముంచింది" అని బ్యాటరీకి వెళ్లే వైరు పీకేసి పంపాడట.

"సెకండ్ హ్యాండ్ సెల్స్ పెట్టి అంటగట్టారు బాబూ, లక్ష రూపాయలు గోదాట్లో పోసినట్టే," అన్నారు సార్. మేడమ్ ఏమీ మాట్లాడకుండా ఒక చిన్న నోటు పుస్తకం ఇచ్చారు. "ఎప్పుడెప్పుడు ఆగిందో అన్నీ రాశానండి, చూడండి." చూస్తానని చెప్పి టూల్ బాక్స్ మీద పెట్టాను. చూడలేదు.

నాకూ సెల్స్ మీదే అనుమానం ఉండింది. యాప్ 63 అంటుండగా ఇన్వర్టర్ లో-వోల్టేజ్ అంటోందంటే లోపల ఒక సెల్ బలహీనంగా ఉండి, మిగతా మూడింటి కంటే ముందే పడిపోతోందేమో అనుకున్నాను. ఇలాంటివి ఇంతకు ముందు రెండు చూశాను కూడా. నాలుగు సెల్స్ వరసగా కలిపితేనే 12.8 వోల్టులు, అందులో ఏ ఒక్కటి 2.5కి దిగినా బీఎంఎస్ మొత్తాన్ని కట్ చేస్తుంది. కాబట్టి బ్యాటరీని బండిలోంచి దించి బెంచి మీద పెట్టి నిండా ఛార్జ్ చేశాను, 40 ఆంపియర్ల లోడ్ మీద ఖాళీ చేశాను. 187 ఏహెచ్ ఇచ్చింది. వాడిన బ్యాటరీకి ఇది చక్కటి లెక్క. నిండిన దగ్గర సెల్స్ మధ్య 40 మిల్లీవోల్టుల తేడా ఉంటే రెండు రోజులు కూర్చుని అన్నిటినీ సమానం చేశాను, అంటే బ్యాలెన్స్ చేశాను. నిజానికి 187 వచ్చినప్పుడే నా అనుమానం తప్పని ఒప్పుకుని ఉండాల్సింది. బ్యాలెన్స్ చేశాను కాబట్టి బాగైపోయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

దాని మీద ఇంకో తప్పు చేశాను. ఇన్వర్టర్ 11 వోల్టుల దగ్గర కట్ అయ్యేలా ఉంది, లెడ్ యాసిడ్ కోసం పెట్టిన సెట్టింగ్. లిథియం ఇంకా కిందికి వెళ్లగలదు కదా అని దాన్ని 10.5కి దించాను. కాగితం మీద కరెక్టే. కానీ ఆ 11 దగ్గర వచ్చే కూతే వాళ్లకున్న ఒకే ఒక్క హెచ్చరిక అన్న సంగతి నాకు తట్టలేదు.

వాళ్లు అరకు వెళ్లి, అక్కణ్నుంచి లంబసింగి చేరారు. ఐదో రాత్రి తెల్లవారుజామున ఫోన్. ఈసారి కూత లేదు, పాడూ లేదు, బీఎంఎస్ నేరుగా మొత్తం ఆపేసింది. ఫ్రిజ్, లైట్లు, నీళ్ల మోటరు, సీప్యాప్ అన్నీ ఒక్కసారే. మాస్క్ మొహానికి ఉండగా గాలి ఆగిపోవడంతో సార్ ఉలిక్కిపడి లేచారట, చీకట్లో మాస్క్ ఊడబెరుక్కున్నారు. మేడమ్ గొంతు వణుకుతోంది. "యాప్‌లో మాత్రం 52 ఉందండి," అన్నారు.

ఫోన్ పెట్టేశాక ఇక పడుకోలేదు, పొద్దున్నే షెడ్డుకెళ్లి ఆ నోటు పుస్తకం వెతికాను.

తేదీ, టైము, యాప్‌లో ఎంత శాతం, అప్పుడు ఏమేం నడుస్తున్నాయి. నాలుగు గళ్లు, గుండ్రటి అక్షరాలు, టీచరమ్మ రాసినట్టే. కాఫీ టైమువి వేరు చేసి రాత్రి ఆగినవి మాత్రం చూశాను. ఒకసారి 22 శాతం దగ్గర ఆగింది. ఒకసారి 41. ఒకసారి 63. సెల్ బలహీనపడితే ఆగే శాతం ఇలా ఊగకూడదు, ఇంచుమించు ఒకే చోట ఆగాలి. పక్క పేజీల్లో ఎక్కడెక్కడ గెస్ట్‌హౌస్ ప్లగ్‌కి పెట్టి ఛార్జ్ చేశారో కూడా రాశారావిడ. ఆ తేదీలు పక్కన వేసుకున్నాను. ప్లగ్ పెట్టిన రెండో రోజు ఆగితే 22, నాలుగో రోజైతే 41, ఆరో రోజైతే 63. మొన్న నేను బెంచి మీద నిండా ఛార్జ్ చేసి పంపిన ఐదో రోజున 52.

రోజుకి పది శాతం. అంటే యాప్ రోజుకి 20 ఏహెచ్ చొప్పున అబద్ధం చెబుతోంది. ఆగిన ప్రతిసారీ బ్యాటరీ నిజంగానే ఖాళీ.

లెడ్ యాసిడ్ అలవాటున్నవాళ్లకి ఇక్కడో మాట చెప్పాలి. పాత బ్యాటరీ ఖాళీ అవుతుంటే వోల్టేజ్ మెల్లగా జారుతుంది, లైటు మసకబారుతుంది, మనకి తెలిసిపోతుంది. ఎల్‌ఎఫ్‌పీ అలా కాదు. 80 శాతం నుంచి 20 దాకా వోల్టేజ్ 13.3 నుంచి 13 లోపలే ఆడుతుంది, ఆ తర్వాత గోడ మీంచి దూకినట్టు పడుతుంది. వోల్టేజ్ చూసి శాతం చెప్పడం కుదరదు కాబట్టి బీఎంఎస్ లెక్క రాసుకుంటుంది, ఎన్ని ఆంపియర్లు లోపలికి వచ్చాయి, ఎన్ని బయటికి పోయాయి అని. కిరాణా కొట్టు ఖాతా లాంటిది. ఎక్కడన్నా చిన్న పద్దు రాయడం మరిచిపోతే ఆ తప్పు రోజురోజుకీ పేరుకుంటుంది. బ్యాటరీ నిండా ఛార్జ్ అయినప్పుడే ఖాతా కొట్టేసి మళ్లీ 100 నుంచి మొదలుపెడుతుంది.

ఇదంతా ఇంకా ఊహే. అంతకు ముందు ఒకసారి ఊహని నమ్మి దెబ్బతిన్నాను కాబట్టి ఈసారి పరీక్ష పెట్టుకున్నాను. "దారిలో ఎక్కడా ప్లగ్ పెట్టకండి, ఆ మిషన్ కోసం రాత్రికి లాడ్జిలో దిగండి, బండిని ఉన్నదున్నట్టు తీసుకురండి," అన్నాను. ఏడో రోజు సాయంత్రం వచ్చారు. వాళ్లని ఇంటికి పంపి, ఇన్వర్టర్ కటాఫ్ మళ్లీ 11 చేసి, సీప్యాప్‌కి సమానమైన లోడ్ పెట్టి ఆ రాత్రి నేనే వ్యాన్‌లో పడుకున్నాను. నోటు పుస్తకం లెక్క ప్రకారం ఏడో రోజు కాబట్టి 70 దగ్గర కూయాలి. ఆ అంకె ముందే రాసి పెట్టుకున్నాను. రాత్రి పదికి యాప్‌లో 86. మూడు గంటల పది నిమిషాలకి కూత. యాప్‌లో 71. బ్యాటరీ టెర్మినళ్ల మీద మీటర్ పెడితే 11.6 వోల్టులు. 71 శాతం ఉన్న ఎల్‌ఎఫ్‌పీ ఆ చిన్న లోడ్ మీద 13.1 తగ్గకుండా చూపాలి.

పొద్దున డీసీ క్లాంప్ మీటర్ తీశాను, వైరు చుట్టూ తగిలించి అందులో ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో చూసేది. మామూలు ఏసీ క్లాంప్ దీనికి పనికిరాదు, డీసీదైనా సరే కొలిచే ముందు జీరో నొక్కకపోతే అది కూడా అబద్ధమే చెబుతుంది. అన్ని స్విచ్‌లూ ఆపి, ఇన్వర్టర్ ఒక్కటి ఆన్‌లో ఉంచితే క్లాంప్‌లో 1.4 ఆంపియర్లు. యాప్‌లో 0.0. ఫ్రిజ్ కంప్రెసర్ ఎక్కాక క్లాంప్‌లో 5.1, యాప్‌లో 4.2. ఆ బీఎంఎస్ ఎప్పుడూ 0.9 తక్కువ కొలుస్తోంది, పైగా ఆంపియర్ కంటే తక్కువైతే సున్నా అనేస్తోంది. 0.9ని 24 గంటలతో గుణించండి, 21.6. మేడమ్ పుస్తకంలోని రోజుకి పది శాతం ఇదే.

దొంగ దొరికాడు, సరే. కానీ సోలార్ ఉంది కదా, రోజూ ఒకసారి నిండితే ఖాతా దానంతటదే సరిపోవాలి. ఎందుకు సరిపోలేదు? మిట్టమధ్యాహ్నం మంచం తెరిచి చూశాను. సోలార్ ఛార్జర్ ఇంకా ట్యూబులర్ మోడ్‌లోనే ఉంది. లెడ్ యాసిడ్‌కి వేడి పెరిగితే ఛార్జింగ్ వోల్టేజ్ తగ్గించాలి, ఆ ఛార్జర్ అదే పని నిజాయితీగా చేస్తోంది. ఇన్వర్టర్ పక్కనే ఉన్న ఆ మూసిన పెట్టెలో వేడి 41 డిగ్రీలు, 25 కంటే పైనున్న ప్రతి డిగ్రీకి 30 మిల్లీవోల్టుల చొప్పున దాదాపు అర వోల్టు కోసేసింది. 14.4 ఇవ్వాల్సింది 13.9 ఇస్తోంది, సన్నని వైరులో కొంత పోయి బ్యాటరీకి అందేది 13.6. కొంతసేపు అలా ఉండి ఫ్లోట్‌కి, అంటే నిండిందనుకుని నిలబెట్టి ఉంచే తక్కువ వోల్టేజ్‌కి దిగి 13.1 దగ్గర కూర్చుంటోంది. 13.1 దగ్గర ఎల్‌ఎఫ్‌పీ ఇక తీసుకునేది ఏమీ ఉండదు. బ్యాటరీ ఏ రోజూ నిండలేదు, ఖాతా ఏ రోజూ సరిపోలేదు. నిండింది గెస్ట్‌హౌస్ ప్లగ్ దగ్గర మాత్రమే.

నా మొదటి పరీక్షలో ఇవేవీ ఎందుకు దొరకలేదంటే, బ్యాటరీని బండిలోంచి దించేశాను. తప్పులన్నీ బండిలోనే మిగిలిపోయాయి.

కాఫీ సంగతి తేల్చడం తేలికే. ఇండక్షన్ 1000 వాట్ల మీద పెట్టి, అది నడుస్తుండగానే రెండు చోట్ల కొలిచాను. 98 ఆంపియర్లు పోతున్నాయి, బ్యాటరీ మీద 12.8, ఇన్వర్టర్ దగ్గర 11.2. మధ్యలో 1.6 వోల్టులు మాయం. 25 స్క్వేర్ ఎంఎం వైరు, రానుపోను తొమ్మిది మీటర్లు, దానికి 0.6 వరకూ పోవడం సహజం. మిగతా ఒక వోల్టు? మీటర్ కొనలు ఒక్కో జాయింట్‌కీ అటూ ఇటూ పెట్టుకుంటూ వెళ్లాను. ఎర్ర పిడి ఉన్న మెయిన్ స్విచ్ మీద 0.55. దాని పక్క లగ్ (వైరు కొనకి బిగించే లోహపు తొడుగు) మీద 0.4. ఆ లగ్ పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను, అంత వేడి. స్లీవ్ కోసి చూస్తే రాగి వైరుకి అల్యూమినియం లగ్, సుత్తితో కొట్టి నొక్కింది, లోపల సగం పోగులు వదులుగానే ఉన్నాయి. ఒక వోల్టు, వంద ఆంపియర్లు అంటే వంద వాట్లు. పరుపు కింద చెక్క పెట్టెలో వంద వాట్ల హీటర్ పెట్టుకుని రోజూ కాఫీ కాచుకుంటున్నారన్న మాట. ఈ కేసులో నాకు నిజంగా భయం వేసింది దీన్ని చూసే. లెడ్ యాసిడ్ ఉన్నప్పుడు అంత లోడ్‌కి బ్యాటరీయే ముందు కుంగిపోయేది, వాళ్లు ఇండక్షన్ వాడేవాళ్లే కాదు.

ఆల్టర్నేటర్ కథా ఇలాంటిదే. ట్యూబులర్ అయితే ఇంజిన్ నుంచి ఇరవై ముప్పై ఆంపియర్లు మెల్లగా తీసుకుంటుంది. లిథియానికి లోపలి రెసిస్టెన్స్ చాలా తక్కువ, ఎంత ఇస్తే అంత తాగుతుంది. ఆల్టర్నేటర్ మీద 90 ఆంపియర్లు అని రాసుంటుంది కానీ గంటల తరబడి ఆ లెక్కన లాగడానికి కాదు, అందులోనూ ట్రాఫిక్‌లో ఐడ్లింగ్‌లో దాని ఫ్యాన్ తిరిగేదే అంతంతమాత్రం. ఆ మెకానిక్ వైరు పీకడం ఆ పూటకి సరైన పనే, కాకపోతే దాంతో రోజంతా డ్రైవ్ చేసినా బ్యాటరీకి చుక్క ఛార్జింగ్ అందకుండా పోయింది.

ఇక ఏం మార్చానంటే. సోలార్ ఛార్జర్‌ని 14.2 అబ్సార్ప్షన్ (నింపే వోల్టేజ్), 13.5 ఫ్లోట్‌కి పెట్టి, వేడిని బట్టి వోల్టేజ్ తగ్గించే టెంపరేచర్ కాంపెన్సేషన్ సున్నా చేసి, ఈక్వలైజేషన్ (లెడ్ యాసిడ్‌కి అప్పుడప్పుడు కావాలనే ఎక్కువ వోల్టేజ్ ఇవ్వడం) ఆపేశాను. ఆ ఈక్వలైజేషన్ ఒక్కటి మరిచిపోయినా 15 వోల్టులు దాటించి బీఎంఎస్‌ని ట్రిప్ చేస్తుంది, కాబట్టి లిథియం పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ముందు అది చూసుకోండి. ఇన్వర్టర్‌ని బ్యాటరీకి దాదాపు మీటరు దూరంలోకి జరిపి 50 స్క్వేర్ వైరు, టిన్ పూత ఉన్న రాగి లగ్‌లు, హైడ్రాలిక్ క్రింపింగ్ చేశాను. షార్ట్ అయితే లిథియం వేల ఆంపియర్లు కుమ్మరించగలదు, అందుకని పాత ఏఎన్ఎల్ రకం ఫ్యూజ్ తీసి, అంత కరెంటునీ తెంపగలిగే క్లాస్-టి రకం వేశాను. మళ్లీ అదే ఇండక్షన్, అదే 1000 వాట్లు, ఇప్పుడు మధ్యలో పోయేది 0.2 వోల్టులు. ఇంజిన్ నుంచి 30 ఆంపియర్లు మించి లాగనివ్వని డీసీ-డీసీ ఛార్జర్ పెట్టాను. సార్ 60ది అడిగారు, ఆరు గంటలు డ్రైవ్ చేస్తే 30తోనే 180 ఏహెచ్ దాకా వస్తుంది, మళ్లీ ఆల్టర్నేటర్‌తో జూదం ఎందుకని ఒప్పించాను.

బీఎంఎస్ మార్చాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. కాపాడే పని అది బాగానే చేస్తోంది, లెక్కలే రావు. లెక్కకి వేరే గుమాస్తాని పెడదామని నెగటివ్ వైపు షంట్ (తన గుండా పోయే కరెంటుని కొలిచేది), గోడకి దాని అంకెలు చూపే గుండ్రటి మీటర్ బిగించాను. నాలుగు వేల లోపు సరుకు. బిగించాక రెండు రోజులు తప్పే చూపించింది, ఏంటా అని చూస్తే సోలార్ నెగటివ్ వైరు షంట్‌ని దాటి నేరుగా బ్యాటరీకే ఉండిపోయింది, నా చేత్తో నేనే వదిలేశాను. దాన్ని ఇటు మార్చాక సరిపోయింది. సీప్యాప్‌ని ఇన్వర్టర్ మీంచి తప్పించి డీసీ అడాప్టర్ మీదికి మార్చాను, రాత్రి పడుకునే ముందు ఇన్వర్టర్ ఆపేయమన్నాను. సీప్యాప్ గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్ సంగతి మాత్రం వాళ్ల డాక్టర్‌ని అడిగి తగ్గించుకున్నారు, అది నేను చెప్పే విషయం కాదు. రాత్రి పది నుంచి ఆరు దాకా 62 ఏహెచ్ అయ్యేది 40కి దిగింది. చివరగా, గుండ్రటి మీటర్లో 20 శాతానికి రాగానే మోగే చిన్న బజర్ మంచం తలవైపు పెట్టాను. నేను పోగొట్టిన కూతని నేనే తెచ్చిపెట్టాలి కదా.

బ్యాటరీ అదే. ఆ లక్ష రూపాయలు ఎక్కడికీ పోలేదు. అంతకు ముందు షాపువాళ్లతో గొడవకి వెళ్తానన్న సార్‌ని నేను ఆపలేదు, నిజం చెప్పాలంటే నేను కూడా ఎగదోశాను. సెల్స్ మంచివేనని తర్వాత ఒప్పుకోవడం కాస్త ఇబ్బందిగానే అనిపించింది. వైరింగ్ విషయంలో మాత్రం ఆ షాపువాళ్లని సమర్థించలేను.

ఇప్పుడు లిథియం బండి ఏదొచ్చినా నేను బ్యాటరీ దించను. ముందు ఓనర్‌ని కూర్చోబెట్టి ఎప్పుడు ఆగింది, దానికి ముందు చివరిసారి నిండా ఎప్పుడు ఛార్జ్ అయింది అని అడిగి రాసుకుంటాను. చాలామందికి గుర్తుండదు. అలాంటప్పుడు పది రోజులు రాసుకుని రమ్మంటాను, కొందరు కోప్పడతారు, వేరే షాపుకి పోయినవాళ్లూ ఉన్నారు.

తర్వాత ఏడాది అక్టోబర్‌లో వాళ్లు హిమాచల్‌లోని స్పితి లోయకి వెళ్లారు. కాజా నుంచి పొద్దున ఎనిమిదికి సార్ ఫోన్. "బాబూ, ఎండ ఫెళ్లున కాస్తోంది, 63 దగ్గర ఆగిపోయింది, ఛార్జింగ్ సున్నా. మళ్లీ మొదటికొచ్చింది."

"63 ఎందులో సార్, యాప్‌లోనా, గుండ్రం మీటర్‌లోనా?"

"రెండింట్లోనూ అంతే ఉందయ్యా."

నాకు సగం టెన్షన్ అక్కడే పోయింది. రాత్రి ఎక్కడ పడుకున్నారని అడిగితే హోమ్‌స్టేలో అన్నారు, అంటే వ్యాన్ ఖాళీగా చలిలో ఉంది. ఎల్‌ఎఫ్‌పీని గడ్డకట్టే చలిలో వాడుకోవచ్చు కానీ ఛార్జ్ చేయకూడదు, సెల్‌లోని గ్రాఫైట్ పొర లోపలికి వెళ్లాల్సిన లిథియం వెళ్లలేక పైనే లోహంలా పేరుకుంటుంది, పోయిన కెపాసిటీ మళ్లీ రాదు. అందుకే బీఎంఎస్ సున్నా డిగ్రీల దగ్గర ఛార్జింగ్ ఆపి, ఐదుకి వచ్చాకే మళ్లీ వదులుతుంది. సెల్ టెంపరేచర్ యాప్‌లో ఎక్కడుంటుందో చెబుదామని నోరు తెరిచేలోపే వెనక నుంచి మేడమ్ గొంతు వినిపించింది.

"ఏడున్నరకి మైనస్ ఒకటి, ఇప్పుడు ఒకటి. రాశానని చెప్పండి."

మంచం పలక ఎత్తి పెట్టి, తలుపులేసి, ఎండలో ఉంచమన్నాను. పదకొండు దాటాక వాట్సాప్‌లో ఫొటో వచ్చింది, గుండ్రటి మీటర్‌లో 18 ఆంపియర్లు లోపలికి పోతున్నాయి, ఫొటో అంచున నోటు పుస్తకం మూల కనిపిస్తోంది.